విశ్లేషణ: క్లౌడ్‌లో అద్దె చిరునామా... కోడ్ చేతిలో తాళం

భిలాయ్: ఉక్కు నగరంలోని ఒక చిన్న కర్మాగారం నుంచి సరుకు లారీ కదలాలంటే ఒకప్పుడు బిల్లు పుస్తకం, తూకం చీటీ, గేటు పాసు ఉంటే సరిపోయేది. ఇప్పుడు నిర్ణీత టర్నోవరు దాటిన సంస్థ ఇచ్చే బిల్లుకు జీఎస్టీ వ్యవస్థ జారీచేసే రిఫరెన్సు సంఖ్య తప్పనిసరి. ఆ సంఖ్యను మనిషి ప్రమేయం లేకుండా తమ కంప్యూటరు ద్వారానే నేరుగా తెచ్చుకునే సంస్థలకు మరో షరతు కూడా ఉంది. అభ్యర్థన పంపే సర్వర్ ముందుగా నమోదైన భారతీయ స్థిర ఐపీ చిరునామా నుంచే మాట్లాడాలి. ఆ సర్వర్ భిలాయ్‌లోనే ఉండాలనేమీ లేదు. ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న క్లౌడ్ కేంద్రంలో అది అద్దెకు నడుస్తుండవచ్చు.

చిక్కు ఇక్కడే మొదలవుతోంది. నియంత్రణ సంస్థలు ఐపీ చిరునామాను ఒక గుర్తింపు పత్రంగా పరిగణిస్తున్నాయి. క్లౌడ్ సంస్థలు మాత్రం దానిని గంటల లెక్కన అద్దెకిచ్చే, వదిలేస్తే మరొకరికి కేటాయించే వనరుగా చూస్తున్నాయి. ఈ రెండు దృష్టుల మధ్య ఉన్న అంతరాన్ని పూడుస్తున్నది కొన్ని పంక్తుల కోడ్ మాత్రమే. ఆ కోడ్ ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్న ఇక సాంకేతిక విభాగానికి మాత్రమే పరిమితమైనది కాదు. వ్యాపార కొనసాగింపునకు సంబంధించినది.

గుర్తింపుగా మారిన అంకె

ఈ-ఇన్వాయిస్ నిబంధన 2020 అక్టోబరు 1న రూ.500 కోట్లకు పైబడిన టర్నోవరు గల సంస్థలతో మొదలైంది. దశలవారీగా పరిమితిని తగ్గిస్తూ వచ్చిన ప్రభుత్వం 2023 ఆగస్టు 1 నుంచి రూ.5 కోట్లు దాటిన సంస్థలన్నింటినీ దీని పరిధిలోకి తెచ్చింది. ఈ నిబంధన వర్తించే సంస్థ రిఫరెన్సు సంఖ్య లేకుండా బిల్లు ఇస్తే, కేంద్ర జీఎస్టీ నిబంధనల ప్రకారం దానిని బిల్లుగానే పరిగణించరు. రూ.10 కోట్లు, ఆపై టర్నోవరు గల సంస్థలు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా దానిని నమోదు చేయాలన్న గడువు 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

భిలాయ్‌కు ఈ మార్పు ప్రత్యేకంగా తాకేది. సోవియట్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఏర్పడిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాటి నుంచి కర్మాగారం చుట్టూ విడిభాగాలు, ఫ్యాబ్రికేషన్, ఇంజినీరింగ్ పనులు చేసే అనుబంధ పరిశ్రమలు విస్తరించాయి. ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ పారిశ్రామిక వాతావరణంతో తరాల అనుబంధం ఉంది. పెద్ద సంస్థలకు ప్రత్యేక ఐటీ విభాగాలు ఉంటాయి. కొన్ని కోట్ల టర్నోవరుతో నడిచే షెడ్డుకు సాధారణంగా ఒక అకౌంటెంటు, బయటి నుంచి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు మాత్రమే ఉంటారు.

అందరికీ సొంత స్థిర ఐపీ అవసరం లేదు. పోర్టల్‌లో స్వయంగా వివరాలు నింపే మార్గం ఉంది. గుర్తింపు పొందిన జీఎస్టీ సువిధ ప్రొవైడర్ ద్వారా పంపే మార్గమూ ఉంది. ఆ రెండో మార్గంలో చిరునామా బాధ్యత ఆ ప్రొవైడర్‌దే. కానీ బిల్లుల సంఖ్య పెరిగి, సొంత సాఫ్ట్‌వేర్‌ను నేరుగా అనుసంధానించుకున్న సంస్థకు ఆ అంకే ప్రవేశ ద్వారం.

రెండో ఉదాహరణ స్టాక్ మార్కెట్‌ది. చిన్న మదుపరులు కంప్యూటర్ ప్రోగ్రాముల ద్వారా చేసే ఆల్గో ట్రేడింగ్‌పై సెబీ 2025 ఫిబ్రవరి 4న సర్క్యులర్ జారీచేసింది. ఎవరైనా ఎక్కడినుంచైనా వాడగలిగే బహిరంగ ఏపీఐ సదుపాయానికి స్వస్తి చెప్పి, ఖాతాదారుకు ప్రత్యేకమైన కీ, బ్రోకరు వద్ద ముందుగా నమోదైన స్థిర ఐపీ ఉంటేనే అనుమతించాలని ఆదేశించింది. అమలు తేదీ మొదట 2025 ఆగస్టు 1. తర్వాత అక్టోబరు 1కి మారింది. ఆపై దశలవారీ ప్రణాళిక ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 నుంచి బ్రోకర్లందరికీ వర్తించేలా గడువు నిర్ణయించింది.

దీని వెనుక ఉన్న ఆందోళన సహేతుకమైనది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనమే తేల్చింది. అటువంటి మార్కెట్‌లో ఏ ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆనవాలు దొరకాలని నియంత్రణ సంస్థ కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఎక్స్ఛేంజీల అమలు ప్రమాణాల ప్రకారం నమోదైన చిరునామాను వారానికి ఒకసారికి మించి మార్చడానికి వీల్లేదు. అంటే సోమవారం చిరునామా మార్చుకున్న వ్యక్తి, బుధవారం పొరపాటున దానిని కోల్పోతే, ఆ వారమంతా అతని ప్రోగ్రాము మౌనంగా ఉండాల్సిందే. మొబైల్ యాప్ ద్వారా చేతితో ఆర్డర్లు పెట్టుకోవచ్చు గానీ, ప్రోగ్రాము పెట్టిన పొజిషన్లను అదే ప్రోగ్రాము మూసివేయలేదు.

కొరత తెచ్చిన ధర

ఈ అంకెకు ఇంత విలువ రావడానికి మూలం కొరత. నేటికీ విస్తృతంగా వాడుతున్న ఐపీవీ4 విధానంలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అంతర్జాతీయ కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతీయ సంస్థ ఏపీనిక్ కూడా తన చివరి భాగానికి చేరుకుని, పొదుపుగా పంచడం ప్రారంభించింది. మన దేశంలో ఒక్క 2024 మార్చి నాటికే ఇంటర్నెట్ చందాదారులు 95 కోట్లు దాటారని ట్రాయ్ గణాంకాలు చెబుతున్నాయి. ఇందరికీ విడివిడిగా ఐపీవీ4 చిరునామా ఇవ్వడం అసాధ్యం. అందుకే టెలికాం సంస్థలు ఒకే చిరునామా వెనుక అనేకమంది వినియోగదారులను ఉంచుతాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు వచ్చే చిరునామా మారుతూ ఉంటుంది. స్థిరమైనది కావాలంటే అదనపు రుసుము చెల్లించాలి.

క్లౌడ్‌లోనూ ఉచిత కాలం ముగిసింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు గంటకు 0.005 డాలరు వసూలు చేస్తోంది. అంతకుముందు నడుస్తున్న సర్వర్‌కు జతచేసిన మొదటి చిరునామాకు రుసుము ఉండేది కాదు. ఒక్క చిరునామాకు ఇది ఏడాదికి 43.80 డాలర్లు. ఒకటికి ఇది పెద్ద మొత్తం కాదు. కానీ ప్రయోగాలకు, పరీక్షలకు తీసుకుని మరిచిపోయిన పాతిక చిరునామాలు ఉంటే ఏడాదికి 1,095 డాలర్లు ఆవిరవుతాయి. ఐపీవీ6 చిరునామాలకు ఆ సంస్థ ఈ రుసుము విధించడం లేదు.

కోడ్ చేసే పని ఏమిటి?

క్లౌడ్‌లో సర్వర్‌ను తీసుకున్నప్పుడు దానితోపాటు వచ్చే పబ్లిక్ చిరునామా సాధారణంగా తాత్కాలికమే. అమెజాన్ క్లౌడ్‌లో సర్వర్‌ను ఆపి, మళ్లీ ప్రారంభిస్తే కొత్త అంకె వస్తుంది. స్థిరత్వం కావాలంటే చిరునామాను విడిగా కేటాయింపజేసుకుని సర్వర్‌కు జతచేయాలి. అమెజాన్ దీనిని ఎలాస్టిక్ ఐపీ అంటుంది. ఇతర సంస్థలు వేరే పేర్లతో ఇదే సేవను ఇస్తాయి. అమెజాన్‌లో ఒక ఖాతాకు ఒక్కో ప్రాంతంలో సాధారణ పరిమితి 5 చిరునామాలు. ఎక్కువ కావాలంటే విజ్ఞప్తి చేసుకోవాలి.

ఈ పనిని వెబ్ తెరపై మీటలు నొక్కి చేయవచ్చు. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారన్నది అలా చేసినప్పుడు సంస్థ దస్త్రాల్లోకి ఎక్కదు. ఆరు నెలల తర్వాత కాంట్రాక్టరు మారితే ఏ అంకె దేనికోసమో చెప్పేవారు ఉండరు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకే మౌలిక వ్యవస్థను కోడ్ రూపంలో రాసే పద్ధతి వచ్చింది. 2014లో హాషికార్ప్ సంస్థ విడుదల చేసిన టెర్రాఫార్మ్ ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్న ఉపకరణాల్లో ఒకటి. 2023లో దాని లైసెన్సు నిబంధనలు మారడంతో, లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఓపెన్‌టోఫు అనే స్వేచ్ఛా ప్రత్యామ్నాయం పుట్టుకొచ్చింది.

పద్ధతి సూటిగానే ఉంటుంది. కోడ్‌లో మూడు అంశాలను విడివిడిగా ప్రకటిస్తారు: సర్వర్, చిరునామా, ఆ రెండింటినీ కలిపే ముడి. సర్వర్ పాడైతే దానిని తొలగించి కొత్తది నిలబెడతారు. ముడి కొత్త సర్వర్‌కు మారుతుంది. చిరునామా చెక్కుచెదరదు. జీఎస్టీ వ్యవస్థకైనా, బ్రోకరుకైనా అవతలి వైపు ఏమీ మారినట్టు కనిపించదు. ఇల్లు కూల్చి కట్టినా డోరు నంబరు మారకపోవడం లాంటిదిది.

ఇంకొక మెలకువ ఉంది. అవతలి వ్యవస్థ చూసేది సర్వర్ నుంచి అభ్యర్థన బయటకు వెళ్లేటప్పుడు కనిపించే చిరునామాను. సర్వర్లు ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉండి, నాట్ గేట్‌వే ద్వారా బయటకు వెళ్తుంటే, నమోదు చేయాల్సింది ఆ గేట్‌వే చిరునామానే. పది సర్వర్లున్నా ఒక్క అంకె సరిపోయే వెసులుబాటు ఇందులో ఉంది. ఈ తేడా తెలియక లోపలికి వచ్చే చిరునామాను నమోదు చేసి, అనుమతి ఎందుకు రావడం లేదని వెతికే పరిస్థితి తలెత్తుతుంది.

ఒక్క ఆదేశంతో జారిపోయే హక్కు

కోడ్ ఎంత వేగంగా నిర్మిస్తుందో అంతే వేగంగా కూల్చగలదు. ఎవరైనా పరీక్షా వ్యవస్థ అనుకుని తొలగింపు ఆదేశాన్ని అసలు వ్యవస్థపై నడిపితే, సర్వర్‌తోపాటు చిరునామా కూడా క్లౌడ్ సంస్థ ఉమ్మడి నిల్వలోకి తిరిగి వెళ్తుంది. సర్వర్‌ను బ్యాకప్ నుంచి తిరిగి తేవచ్చు. చిరునామాకు బ్యాకప్ ఉండదు. మరొకరికి కేటాయించకముందే గుర్తిస్తే అమెజాన్‌లో దానిని తిరిగి పొందే అవకాశం ఉంది. ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోతుంది.

దీనిని అడ్డుకునే రక్షణ టెర్రాఫార్మ్‌లో ఉంది. ఒక వనరుకు తొలగింపు నిషేధ గుర్తు పెడితే, దానిని తొలగించే ప్రణాళికను ఉపకరణం తిరస్కరిస్తుంది. అయితే ఆ గుర్తు కోడ్‌లోని అదే భాగంలో ఉంటుంది. మొత్తం భాగాన్నే ఫైలు నుంచి చెరిపేస్తే, దానితోపాటు రక్షణ కూడా చెరిగిపోతుంది. కాబట్టి చిరునామాలను సర్వర్ల కోడ్‌తో కలపకుండా వేరే ప్రాజెక్టులో ఉంచడం, వాటిని విడుదల చేసే అధికారాన్ని క్లౌడ్ ఖాతా స్థాయిలోనే ఒకరిద్దరికి పరిమితం చేయడం మేలైన పద్ధతి.

రెండో బలహీనత స్టేట్ ఫైలు. కోడ్‌లో రాసిన పేరుకు, క్లౌడ్‌లో ఉన్న అసలు అంకెకు మధ్య సంబంధాన్ని గుర్తుపెట్టుకునే దస్త్రమిది. ఇది కాంట్రాక్టరు ల్యాప్‌టాప్‌లోనే ఉండి, ఆ ల్యాప్‌టాప్ పోయిందనుకుందాం. ఉపకరణం దృష్టిలో ఏ చిరునామా లేనట్టే. మళ్లీ నడిపితే కొత్తవి తీసుకుంటుంది. పాతవి అనాథలుగా మిగిలి బిల్లు పెంచుతూనే ఉంటాయి. ఉన్నవాటిని తిరిగి దస్త్రంలో చేర్చే మార్గం ఉంది గానీ, ఏ అంకె దేనిదో తెలిసినవారు ఉంటేనే అది సాధ్యం. స్టేట్ ఫైలును సంస్థ ఖాతాలోని భద్రమైన నిల్వలో, ఒకేసారి ఇద్దరు మార్చకుండా తాళం సదుపాయంతో ఉంచడం అందుకే ముఖ్యం.

మూడోది ప్రాంతీయ హద్దు. అమెజాన్ తన ముంబయి క్లౌడ్ ప్రాంతాన్ని 2016లో, హైదరాబాద్ ప్రాంతాన్ని 2022 నవంబరులో ప్రారంభించింది. ఒకటి దెబ్బతింటే రెండోదానికి మారవచ్చన్నది వినియోగదారుల భరోసా. కానీ ముంబయిలో కేటాయించిన ఎలాస్టిక్ ఐపీ హైదరాబాద్‌కు కదలదు. విపత్తు వేళ డేటా, సర్వర్లు సిద్ధంగా ఉన్నా, అక్కడి చిరునామాను ముందే నమోదు చేయకపోతే అవతలి తలుపు తెరుచుకోదు. ప్రత్యామ్నాయ చిరునామాను శాంతి సమయంలోనే తీసుకుని, నమోదు చేయించి, అప్పుడప్పుడూ పరీక్షించడమే దీనికి పరిష్కారం.

వదిలేసిన చిరునామాతో వచ్చే ముప్పు

చిరునామా కోల్పోవడం ఒక నష్టమైతే, వదిలేసిన చిరునామాపై నమ్మకం కొనసాగడం అంతకంటే పెద్ద ప్రమాదం. ఒక సంస్థ క్లౌడ్ సర్వర్‌ను మూసివేసి, చిరునామాను విడుదల చేసింది. కానీ డొమైన్ పేరు ఇంకా ఆ అంకెనే చూపుతోంది. భాగస్వామి సంస్థ అనుమతుల జాబితాలోనూ అదే ఉంది. రేపు అదే అంకె అపరిచితుడి సర్వర్‌కు కేటాయించబడితే, పాత సంస్థ కోసం వచ్చే సమాచారం అతని చేతికి చేరవచ్చు. అనుమతుల జాబితా అతనికి తలుపు తీయవచ్చు. క్లౌడ్ చిరునామాల పునర్వినియోగంతో ఈ తరహా ముప్పు వాస్తవంగా ఉందని అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తమ అధ్యయనంలో చూపారు.

చట్టపరమైన కోణమూ ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం క్లౌడ్, వర్చువల్ సర్వర్ సేవలందించే సంస్థలు తమ ఖాతాదారుల వివరాలను, వారికి కేటాయించిన ఐపీ చిరునామాలను, వాడిన కాలాన్ని 5 ఏళ్లపాటు భద్రపరచాలి. సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులు నిల్వ ఉంచాలి. ఒక చిరునామా ఫలానా రోజున తమ అధీనంలో ఉందో లేదో నిరూపించుకోవాల్సి వస్తే, తేదీలతో సహా మార్పుల చరిత్రను నిక్షిప్తం చేసే కోడ్ భాండాగారం చిన్న సంస్థకు కూడా బలమైన ఆధారం అవుతుంది.

ఎవరి పేరిట ఉంది?

భిలాయ్ వంటి నగరాలకు ఈ చర్చలో అసలు ప్రశ్న యాజమాన్యానిది. షెడ్డు స్థలం ఎవరి పేరిట ఉంది, విద్యుత్ కనెక్షన్ ఎవరి పేరిట ఉంది అన్నది ప్రతి యజమానికీ తెలుసు. క్లౌడ్ ఖాతా, డొమైన్ పేరు, స్థిర చిరునామా ఎవరి పేరిట ఉన్నాయన్నది ఎందరికి తెలుసన్నదే సందేహం. కాంట్రాక్టరు తన సొంత ఖాతాలో చిరునామా తీసుకుని, సంస్థ పేరుతో జీఎస్టీ వ్యవస్థలో నమోదు చేయిస్తే, ఇద్దరి మధ్య వివాదం వచ్చిన నాడు సంస్థ బిల్లింగ్ తాళం చెవి అవతలి వ్యక్తి జేబులో ఉంటుంది. అమెజాన్ వంటి సంస్థలు ఒకే ప్రాంతంలో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు చిరునామాను బదిలీ చేసుకునే సదుపాయం ఇస్తున్నాయి. కానీ దానికి ఇరువైపులా అంగీకారం అవసరం.

స్థానికంగా ఈ అంతరాన్ని పూడ్చగల వనరులు లేకపోలేదు. 2016లో ప్రారంభమైన ఐఐటీ భిలాయ్ శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు. ఆ సంస్థకు అనుబంధంగా ఫిన్‌టెక్ రంగంలో పనిచేసే ఇన్నోవేషన్ ఫౌండేషన్ కూడా ఉంది. కృత్రిమ మేధ గురించి జరుగుతున్న శిక్షణతోపాటు, చిన్న సంస్థ క్లౌడ్ ఖాతాను క్రమబద్ధంగా నడుపుకోవడం ఎలా అన్న సాదాసీదా విద్యకూ చోటిస్తే అనుబంధ పరిశ్రమలకు నేరుగా ఉపయోగపడుతుంది. ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. ఖాతా సంస్థ పేరిట ఉండటం, కోడ్, స్టేట్ ఫైలు సంస్థ అధీనంలో ఉండటం, ప్రతి చిరునామాకు దాని ప్రయోజనం తెలిపే చీటీ తగిలించడం, ఎక్కడెక్కడ నమోదు చేశారో ఒక పట్టికలో రాసుకోవడం, విడుదల చేసే ముందు ఆ నమోదులన్నీ రద్దు చేయడం... ఇవే ప్రాథమిక జాగ్రత్తలు.

ముందున్న దారి

విధాన స్థాయిలోనూ పునరాలోచన అవసరం. స్థిర ఐపీ ఒక రక్షణ పొర మాత్రమే. అది వ్యక్తిని గుర్తించదు, ఒక నెట్‌వర్క్ బిందువును మాత్రమే గుర్తిస్తుంది. ఈ పరిమితిని గ్రహించినందునే సెబీ చట్రంలో రెండంచెల ధ్రువీకరణ కూడా ఉంది. డిజిటల్ సర్టిఫికెట్ల ఆధారంగా రెండు వైపులా ఒకరినొకరు ధ్రువీకరించుకునే పద్ధతి మరింత దృఢమైనది. చిరునామా మారినా గుర్తింపు మారదన్నది దాని బలం. ఐపీవీ6 వినియోగంలో భారత్ ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. కొత్తగా రూపొందే ప్రభుత్వ, ఆర్థిక అనుసంధానాలన్నీ ఐపీవీ6 చిరునామాలను సమానంగా అంగీకరిస్తే, కొరత వల్ల చిన్న సంస్థలపై పడే అద్దె భారం తగ్గుతుంది. అత్యవసర పరిస్థితిలో చిరునామాను మార్చుకునేందుకు ధ్రువీకరణతో కూడిన వేగవంతమైన మార్గం ఉండటం కూడా అంతే ముఖ్యం.

అప్పటివరకు ఈ వ్యవస్థ అద్దె అంకెపైనే నడుస్తుంది. అద్దె ఇంట్లో ఉండటం తప్పేమీ కాదు. ఒప్పంద పత్రం ఎక్కడుందో, దానిపై ఎవరి సంతకం ఉందో తెలియకపోవడమే ప్రమాదం. క్లౌడ్‌లో ఆ ఒప్పంద పత్రం పేరు కోడ్. దానిని బీరువాలోని భూమి దస్తావేజులంత జాగ్రత్తగా చూసుకునే సంస్థకు, సర్వర్ మారినా కాంట్రాక్టరు మారినా, గేటు దగ్గర లారీ ఆగదు.